డిలియా వడ్డన

కారిగ్‌డూన్‌లో భోజనానికి ఎక్కడికి వెళ్ళాలని అడిగితే, అడిగిన నెలను బట్టి జవాబు మారుతుంది. ఎండాకాలమైతే చూపుడువేలు నాలుగు దిక్కులా తిరుగుతుంది. రేవు దగ్గర పీతకాళ్ళు వెన్నలో వేయించి పెట్టే కొట్టుంది, సముద్రపు గోడ పక్కన చేపలూ చిప్సూ అమ్మే బండి ఉంది, గుట్ట మీద పెళ్ళిళ్ళు జరిగే పెద్ద హోటలుంది. సెప్టెంబరు దాటి అట్లాంటిక్ గాలి ఈడ్చి కొట్టడం మొదలయ్యేసరికి వీటన్నిటికీ తలుపులు పడతాయి. ఆ తర్వాత క్లేర్ కౌంటీలో ఆ కొసనున్న మనిషికి వేడివేడిగా కడుపుకింత దొరికేది ఒక్కచోటే. హానన్ వాళ్ళింట్లో.

బోర్డు మీద వేరే పేరేదో ఉంది. ఉప్పుగాలికి దానిలో సగం అక్షరాలు రాలిపోయాయి, మిగిలిన సగం ఎవరూ చదవరు. మనిషిని మట్టి చేసి వచ్చినవాళ్ళూ, పశువుల సంత నుంచి వచ్చినవాళ్ళూ, పెళ్ళాం పోయినవాళ్ళూ, అసలు పెళ్ళే కానివాళ్ళూ అక్కడే తింటారు. ఇల్లూ వ్యాపారమూ కన్సెప్టా హానన్‌ది. వంటా వడ్డనా డిలియా తాల్టీ అనే ఆవిడవి.

డిలియా వంట అమృతమని ఊళ్ళో ఎవరూ అనరు. ఉప్పులో ఊరిన పందిమాంసం మెత్తగా ఉడుకుతుంది, క్యాబేజీ మరీ మెత్తగా ఉడుకుతుంది, పాలలో చేపముక్కలు వేసి కాచిన సూపు చిక్కగా ఉంటుంది, సోడా రొట్టె పొద్దున్నే పొయ్యిలోంచి దిగుతుంది. ఆమె గొప్పతనమంతా వడ్డనలో ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. కారిగ్‌డూన్ వాళ్ళు వచ్చి అడిగినా పుచ్చుకోరు. ఏం పెడతామన్నా మొదట వద్దనాలి. రెండోసారీ వద్దనాలి. మూడోసారి, ఎదుటివాళ్ళ మాట తీసెయ్యలేక ఒప్పుకున్నట్టు ఒప్పుకోవాలి. మొదటి పిలుపుకే సరేననేవాణ్ణి ఆ ఊరు ఆబగాడంటుంది. ఒక్కసారే అడిగి ఊరుకున్నవాళ్ళను ఏమంటుందో ఇక్కడ రాయకపోవడమే మర్యాద.

"ముర్టీ, ఇంకో రెండు దుంపలు వెయ్యనా?" అంటుంది డిలియా, ఉడికిన బంగాళాదుంపల గిన్నె చంకలో పెట్టుకుని.

"అబ్బే, వద్దొద్దు. పొట్ట పగిలిపోతోంది."

"చిన్నవేనయ్యా."

"వద్దు డిలియా, ఒట్టు."

"సర్లే, కోళ్ళకు పారేస్తాను."

"అయ్యో, కోళ్ళకా! నువ్వింతగా అంటున్నావు గనక, ఏదీ, ఇలా వెయ్యి."

ముర్టీ హెహిర్ పీతల కోసం సముద్రంలో బోనులు వేసే మనిషి. మూలబల్ల అతనిది. రోజూ కడుపారా తింటాడు గానీ ఒక్క దుంపయినా తనంతట తాను కావాలని తిన్న పాపాన పోలేదు. ఎవరి వద్దు ఉత్త వద్దో, ఎవరిది నిజం వద్దో డిలియాకు వాళ్ళ భుజాలు చూస్తే తెలుస్తుంది. ఒకసారి సైకిల్ మీద వచ్చిన జర్మనీ ఆయన మొదటిసారే నిజంగా వద్దన్నాడు. మొదటి వద్దే నిజం వద్దయ్యే మనుషులుంటారని ఆమెకు తోచక, మూడుసార్లూ అడిగి, ఆపైన ప్లేటు నింపేసింది. అతను పోలీసు ఎదుట కూర్చున్నట్టు కూర్చుని మొత్తం తిన్నాడు.

ఇంత తెలిసిన డిలియా తన దగ్గరికొచ్చేసరికి బోల్తాపడింది.

ఆమె పద్దెనిమిదో ఏట ఆ ఇంటికి గిన్నెలు తోమడానికి వచ్చింది, ఒక్క ఎండాకాలం కోసం. లండన్‌లో ఉన్న అక్క నువాలా అప్పటికే అక్కడో ఆసుపత్రిలో నర్సు చదువుకు మాట్లాడి, ఓడ టికెట్టు కూడా కొని పంపింది. సీజను అయిపోయిన రోజున, అప్పుడప్పుడే ఆ ఇంటి పెత్తనం చేతికొచ్చిన కన్సెప్టా, "ఈ చలికాలం ఉండిపోరాదూ?" అంది. డిలియా వద్దంది. మళ్ళీ అడిగింది, వద్దంది. మూడోసారి అడిగింది. పెద్దావిడ మాట కాదనలేక ఉండిపోయానని డిలియా అక్కకు ఉత్తరం రాసింది. ఆ చలికాలం నలభై ఏళ్ళు సాగింది. ఈలోగా పోస్ట్‌మన్ జార్లత్‌ను పెళ్ళాడింది, ఇద్దరాడపిల్లల్ని ఆ వంటింటి బల్ల కిందే పెంచి పెద్దచేసింది. కన్సెప్టా భర్త పోయిన వారం కూడా పొయ్యి ఆరనివ్వలేదు. ఇన్నేళ్ళయినా ఆమెను పేరు పెట్టి పిలవలేదు. మిసెస్ హానన్ అనే అంటుంది.

ఆ నలభయ్యో ఏడు ఫిబ్రవరిలో బడి పెద్దమాస్టారు పోయారు. అంత్యక్రియల తర్వాత ఊరంతా సూపుకూ శాండ్‌విచ్‌లకూ హానన్ వాళ్ళింటికే రావాలి. పొద్దున ఇద్దరాడవాళ్ళూ పక్కపక్కన నిలబడి రొట్టెలకు వెన్న రాస్తున్నారు. కన్సెప్టాకు అప్పటికే తుంటి ఆపరేషన్ అయింది, నిలబడితే మొహంలో రంగు పోతోంది.

"డిలియా, ఇంక నావల్ల కాదే. ఎన్నిస్‌లో మా చెల్లెలింటికి వెళ్ళిపోతాను. ఈ చోటు నువ్వు తీసుకుంటావా?"

డిలియా చేతిలో కత్తి ఆగిపోయింది. ఆ మాట కోసం ఆమె ఎన్నేళ్ళుగా కాచుకుని ఉందో ఆమెకే తెలుసు. సముద్రం వైపు మూసేసిన కిటికీ తెరిపించాలి, దాని పక్కన ఒక బల్ల వెయ్యాలి, చలికాలం సాయంత్రాలు కూడా సూపు పెట్టాలి, ఇవన్నీ దుంపలు చెక్కుతూ మనసులో ఎప్పుడో కట్టేసుకుంది. నోరు మాత్రం తన అలవాటు తాను మానలేదు.

"అయ్యో, నేనా? నావల్లెక్కడవుతుంది మిసెస్ హానన్!"

రెండోసారికి జవాబు సిద్ధంగా ఉంది, 'జార్లత్‌ను ఓ మాట అడగాలి' అని. మూడోదానికి కూడా ఉంది. అంతలో చర్చి గంట మోగింది. తడిసిన కోట్లతో జనం బిలబిలా లోపలికొచ్చారు. సాయంత్రం దాకా సూపు పొయ్యడం, టీ పొయ్యడం, మాస్టారి బెత్తం గురించి విన్న కథే మళ్ళీ వినడం. అందరూ వెళ్ళాక కన్సెప్టా చేతులు కడుక్కుని, కోటు వేసుకుని, "మంచిపని చేశావు పిల్లా" అని వెళ్ళిపోయింది.

మర్నాడు ఆ ఊసు లేదు. మరుసటి వారమూ లేదు. ఆ మాట మళ్ళీ రావడానికి డిలియా దారులు వెయ్యని రోజు లేదు.

"ఈ పొయ్యి ఇంకో పదేళ్ళు ఢోకా లేకుండా పనిచేస్తుంది, మిసెస్ హానన్."

"చేస్తుంది."

"కిటికీ తెరిపిస్తే బాగుంటుంది కదూ? ఎవరైనా చూసుకునేవాళ్ళుంటే."

"ఎవరు తీసుకుంటారో వాళ్ళే చూసుకుంటారులే."

మార్చిలో వీధి తలుపు అద్దానికి లోపలివైపు 'అమ్మబడును' అని అట్ట వెలిసింది. డిలియా ఇంటికెళ్ళి కోటైనా విప్పకుండా కుర్చీలో కూలబడింది.

"పోనీ నువ్వే వెళ్ళి అడగొచ్చుగా?" అన్నాడు జార్లత్.

"ఎలా అడుగుతాను? వద్దన్నదాన్ని!"

"మరెందుకు వద్దన్నావు?"

"మొదటిసారి కదయ్యా!"

జార్లత్ ఆ ఊరివాడే. టీ కప్పులోకి చూస్తూ, "అదీ నిజమేలే" అన్నాడు. డిలియాకు కక్కలేని మింగలేని బాధ. వద్దన్నది తన నోరే గనక ఎవరినీ తిట్టడానికీ లేదు. కన్సెప్టా మీద కోపం మాత్రం రోజూ కాస్త కాస్త పేరుకుంది. నలభై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషిని రెండోసారి అడగడానికి ఆవిడకు నోరు రాలేదా? దుంపకున్న పాటి విలువ తనకు లేదా?

కొనడానికి లాఫ్‌నన్ అనే లిమరిక్ పట్నపు ఆసామి వచ్చాడు. వంటిల్లు తీసేసి సెలవులకు వచ్చేవాళ్ళకు గదులు కడతానని రేవులో ఎవరితోనో అన్నాడట, ముర్టీ ఆ కబురు ఆయనకంటే ముందే మోసుకొచ్చాడు. ఆయన వచ్చింది సరిగ్గా మధ్యాహ్నం భోజనాల వేళ. కన్సెప్టా ఆయన్ని బల్ల దగ్గర కూర్చోబెట్టి, "ముందు భోంచెయ్యండి, తర్వాత చూద్దురు గాని" అంది. ఎంతైనా ఇంటికొచ్చిన మనిషి.

డిలియా మాంసమూ క్యాబేజీ పెట్టింది. ఆయన గబగబా తిన్నాడు, ఆకలి మీదున్నాడు పాపం. డిలియా గిన్నె పట్టుకుని వెళ్ళింది.

"ఇంకో రెండు దుంపలు వెయ్యమంటారా?"

"అబ్బెబ్బే, చాలండీ."

"సరే" అని డిలియా వెనక్కి తిరిగి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ముర్టీ ఫోర్కు నోటి దగ్గరే ఆగింది. పక్కబల్ల మీద చెంచాల చప్పుడు నిలిచిపోయింది. లాఫ్‌నన్ ఖాళీ ప్లేటు చూసుకుని, తనవల్ల ఏం తప్పు జరిగిందోనని టై సవరించుకున్నాడు. గల్లా దగ్గరున్న కన్సెప్టా చేతికర్ర అందుకుని టకటకా వంటింట్లోకి నడిచి తలుపేసింది.

"ఆ మనిషిని ఒక్కసారే అడిగావు!"

"వద్దన్నాడు కదా."

"డిలియా! ఈ ఇంట్లో తిండికొచ్చినవాణ్ణి ఒక్కసారి అడిగి వదిలేశావంటే రేపు నేను చర్చికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

"ఒక్కసారి వద్దంటే ఈ ఇంట్లో వద్దన్నట్టేగా మిసెస్ హానన్. మీ దగ్గరే నేర్చుకున్నాను."

పుల్ల విరిచినట్టు అంది. అని, గిన్నె బల్ల మీద పెట్టి మొహం గోడవైపు తిప్పుకుంది. కన్సెప్టాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది.

"నిన్ను నేను కావాలనే మళ్ళీ అడగలేదే."

"తెలుస్తూనే ఉంది."

"నీకేం తెలియదు. విను. మూడోసారి అడిగితే ఈ ఊళ్ళో ఎవరూ కాదనలేరు. అది తెలిసే నువ్వొచ్చిన ఏడు నిన్ను మూడుసార్లు అడిగాను. నాకు మనిషి కావాలి, అంతే. నువ్వు లండన్ వెళ్ళి నర్సువవ్వాల్సినదానివి. నా పొయ్యి దగ్గర చెయ్యి కాలినప్పుడల్లా నువ్వు కిక్కురుమనకుండా నీళ్ళ కింద పెట్టుకునేదానివి, నా ప్రాణం చివుక్కుమనేది. ఈ పిల్లను నేనే కట్టిపడేశానని. మళ్ళీ అదే పని చెయ్యమంటావా? మూడుసార్లు అడిగి, ఈ ముసలి కొంపను నీ నెత్తిన పెట్టనా? అందుకే ఒక్కసారి అడిగాను. వద్దన్నావు. గుండె రాయి చేసుకుని ఊరుకున్నాను."

డిలియా ఇటు తిరిగింది. ఏడుస్తోంది, దాచుకోవడం లేదు.

"నాకు లండన్ వెళ్ళాలని లేదు మిసెస్ హానన్. టికెట్టు కొన్నది నువాలా. మీరు మూడోసారి అడగరేమోనని భయపడ్డాను. పెద్దావిడ వదల్లేదు, ఏం చెయ్యనని మా అమ్మకు చెప్పాను, నువాలాకు రాశాను, జార్లత్‌తోనూ అదే అన్నాను. ఎవరూ నన్ను కట్టెయ్యలేదు. ఉండాలనిపించి నేనే ఉన్నాను. ఆ మాట చెప్పుకోవడానికి సిగ్గేసి మీ మీద తోసేశాను."

తనకు కావలసిందాన్ని ఎదుటివాళ్ళ బలవంతం కింద దాచుకుని బతకడం ఆ ఊళ్ళో అందరూ చేసేదే. దానికి సరదా పేర్లు పెట్టి నవ్వుకుంటాం. కానీ ఆ మర్యాద కింద ఒక మనిషి ఇన్నేళ్ళు లేని పాపం మోసింది, ఇంకో మనిషి తన బతుకు తనకిష్టమని ఒక్కసారైనా పైకి అనలేదు. అది నవ్వే సంగతి కాదు.

డిలియా ఏప్రన్‌తో మొహం తుడుచుకుంది. "నాకీ చోటు కావాలి" అంది. ఒక కప్పు టీ కోసమైనా ఆ మాట ఆమె ఎన్నడూ వాడి ఎరగదు. చెవులు ఎర్రబడిపోయాయి.

కన్సెప్టా కర్ర మీద రెండు చేతులూ ఆనించింది. "అయితే తీసుకుంటావా?"

"తీసుకుంటాను."

అంత సూటిగా జవాబొచ్చేసరికి ఇద్దరికీ ఎక్కడ చూడాలో తెలియలేదు. "అమ్మమ్మమ్మ, కాస్తయినా ఆగవేం!" అంది కన్సెప్టా, నవ్వూ ఏడుపూ కలిసిపోయిన గొంతుతో. తర్వాత ఆమెకే గుర్తొచ్చింది. "బయట ఆ మనిషి!"

డిలియా గిన్నె తీసుకుని పరుగున వెళ్ళింది. "చల్లారకముందే ఓ రెండు వెయ్యనా అండీ?"

"వద్దండీ" అన్నాడు లాఫ్‌నన్, ప్రాణం లేచొచ్చినట్టు.

"ఇవి మిగిలిపోతాయండీ."

"మీరింతగా అంటున్నారు గనక" అని ఆయన ప్లేటు ముందుకు జరిపాడు. "మళ్ళీ రారేమో అనుకున్నాను."

"మేమూ అదే అనుకున్నాం బాబూ" అన్నాడు ముర్టీ మూలనుంచి.

వెనకే కన్సెప్టా వచ్చి, అద్దానికున్న అట్ట ఊడదీస్తూ, "కడుపునిండా తినండి. ఈ చోటు మాత్రం అమ్మడం లేదు" అంది.

ఆయన ఆమెనూ ప్లేటునూ మార్చి మార్చి చూశాడు. "నేను మొదట వద్దన్నందుకా?"

"అందుకేననుకోండి."

ఈస్టర్ ముందు కిటికీ తెరిచారు. కన్సెప్టా ఎన్నిస్ వెళ్ళే రోజున అందరి భోజనాలూ అయ్యాక డిలియా ఆ కిటికీ పక్కన బల్ల తుడిచి, కుర్చీ లాగి, ఆమెను కూర్చోమంది. ఆ ఇంట్లో కన్సెప్టా ఇన్నేళ్ళూ నిలబడే తిన్నది, బల్ల దగ్గర కూర్చుని ఎరగదు. రెండుసార్లు వద్దని కూర్చుంది. సముద్రం చూస్తూ మాంసం తింది, క్యాబేజీ తింది, దుంపలు రెండూ తింది. డిలియా గిన్నె తీసుకుని పక్కకొచ్చింది.

"ఇంకోటి వెయ్యనా, కన్సెప్టా?"

"వద్దే" అంది కన్సెప్టా, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

డిలియా గిన్నె పట్టుకుని అక్కడే నిలబడింది.