అమ్మ నవ్విన సీడీ

నా చిన్నప్పుడు మేము అమీర్‌పేటలో, కంప్యూటర్ కోచింగ్ బోర్డుల వెనక ఒక సందులో, రెండు పోర్షన్ల ఇంట్లో అద్దెకుండేవాళ్ళం. అమ్మ కామెర్లతో పోయి అప్పటికి ఏడాది కాలేదు. నాకు పదకొండేళ్ళు. అంతకుముందు సంవత్సరం నా పుట్టినరోజుకి తీయించిన వీడియో సీడీ ఒక్కటే మాకు మిగిలింది. అందులో ఒకచోట అమ్మ పూరీలు వేయిస్తూ తల తిప్పి, "ఏంటండీ, నన్నెందుకు తీస్తారు, పిల్లదాన్ని తీయండి" అని నవ్వుతుంది. స్కూలు నుంచి రాగానే ఆ ముక్క ఒక్కటే మళ్ళీ మళ్ళీ పెట్టుకునేదాన్ని. చూశాక నేలమీదే వదిలేసేదాన్ని. అలా నా చేతులతోనే గీతలు పడ్డాయి. ఒకరోజు సరిగ్గా అమ్మ తల తిప్పేచోట బొమ్మ ఆగిపోయింది.

నాన్నకు చెప్పడానికి భయపడి పక్కింటి అక్క దగ్గరకు పరిగెత్తాను. వాళ్ళది సిరిసిల్ల. వాళ్ళ నాన్న పంజాగుట్టలో టైలరు. అక్క మా సందు చివర కంప్యూటర్ నేర్చుకునేది. అమ్మ పోయాక నాకు జడలు వేసింది ఆమే. సీడీని వెలుతురుకు తిప్పి చూసి, నీళ్ళతో కడిగి, మెత్తటి నూలుగుడ్డ మీద పళ్ళు తోముకునే తెల్ల పేస్టు కాస్త పెట్టి నెమ్మదిగా తుడిచింది. "గుండ్రంగ రుద్దొద్దు పిల్లా, నడుమకెల్లి అంచుకు తుడవాలె. పేరు రాసిన దిక్కు మాత్రం జర పైలం. ఆడ పొర లేస్తే ఇగ ఎవ్వలతోని కాదు" అంది. మళ్ళీ కడిగి, ఆరబెట్టి పెడితే, అక్కడక్కడ గళ్ళు గళ్ళుగా చెదిరినా అమ్మ నవ్వింది. నాకంటే ముందు అక్క ఏడ్చింది.

పది రోజులకు మళ్ళీ ఆగింది. అప్పుడు అక్క ఇంట్లో లేదు. ఆమె వచ్చేదాకా ఉండలేకపోయాను. పైగా ఆ పని నాకూ వచ్చేసిందనుకున్నాను. పేస్టు అయిపోయి ఉంటే గిన్నెలు తోమే పౌడరు, స్టీలు పీచు తీసుకుని రెండువైపులా గట్టిగా రుద్దాను. కడిగి చూస్తే వెండిపొర రేకులుగా లేచిపోయి, సీడీలోంచి అవతలి కుళాయి కనబడుతోంది.

సాయంత్రం నాన్న దాన్ని చేత్తో పట్టుకుని ఎవరు చేశారని అడిగారు. "అక్క బాగుచేస్తానని రుద్దింది" అన్నాను.

అమ్మ పోయినప్పుడు కూడా గొంతెత్తని మనిషి, వాళ్ళ గుమ్మంలో నిలబడి సందంతా వినేలా అరిచారు. "తెలియని పని నీకెందుకమ్మా? మాకు మిగిలింది అదొక్కటి!" అక్క సీడీ అందుకుని పీచు గీతల్ని వేలితో తడిమింది. నాన్న వెనక నిలబడ్డ నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది. "తప్పయింది అంకుల్" అంది. వాళ్ళ నాన్న లోపల్నించి వచ్చి చేతులు జోడించాడు. అప్పుడైనా నేను నోరు తెరవాల్సింది. తెరవలేదు.

మర్నాటి నుంచి జడలు నేనే వేసుకున్నాను. రెండు నెలలకు వాళ్ళు ఇల్లు ఖాళీ చేశారు. సామాను ఆటోలో ఎక్కిస్తుంటే తలుపు సందులోంచి చూశానే గాని బయటకు రాలేదు.

నాన్నకు నిజం చెప్పింది నాకు ముప్ఫై దాటాక, ఆయన సోమాజిగూడలో ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు. ఆయన ఆశ్చర్యపోలేదు. "తెలుసమ్మా. మర్నాడే మనింట్లో గిన్నెల పీచుకి వెండిరేకులు కనిపించాయి. అంత అరిచాక ఆ పిల్ల ముందుకెళ్ళి ఏమని చెప్పను? సిగ్గేసింది" అన్నారు. ఒకే ఇంట్లో ఇద్దరం, ఒకరికి తెలియకుండా ఒకరం, అన్నేళ్ళూ ఆమెను దోషిగానే ఉంచామన్నమాట. ఆ నెలలోనే నాన్న పోయారు.

పంజాగుట్టలో టైలరు షాపులన్నీ తిరిగి అడిగాను. వాళ్ళ సంగతి ఎవరికీ తెలియదు.

మొన్న మా పాప ఫోను పగలగొట్టి పనావిడ పేరు చెప్పింది. దాని చెయ్యి పట్టుకుని ఆవిడ ఇంటికి తీసుకెళ్ళాను. దారంతా ఏడ్చింది, నన్ను రాక్షసి అంది. చివరికి ఆవిడ ముఖం చూసి నిజం చెప్పింది. దానికి చెప్పుకోవడానికి ఎదురుగా మనిషి ఉంది. నాకు లేదు.