సందేహం వస్తే ఆయన్ని అడగండి

ఆ సర్వీస్ సెంటర్‌లో ఆయన అసలు పేరు జీతాలు వేసే గుమాస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. మిగతా లోకానికి ఆయన ఒకవేళ గారు. మహానుభావులకు బిరుదులు సభల్లో ఇస్తారు. ఈయనకు క్యాంటీన్‌లో ఇచ్చారు, అందుకే నిలిచింది.

ఆయన స్థానం వారంటీ బల్ల. పాడైన ఫ్యానో ఇస్త్రీపెట్టో పట్టుకుని ఎవరైనా వస్తే, దాన్ని ఉచితంగా బాగుచెయ్యాలా, డబ్బు తీసుకుని చెయ్యాలా అన్నది తేల్చేది ఆయనే. నియమాలు గోడకే అంటించి ఉన్నాయి. కొని ఏడాది కాకపోతే ఉచితం. కింద పడినా, నీళ్లు చేరినా ఉచితం కాదు. అందులో అర్థం కానిదేమీ లేదు. ఒకవేళ గారికి మాత్రం అర్థమైనకొద్దీ అనుమానం పెరిగేది.

"పడింది, నిజమే. ఒకవేళ మనవాళ్లు బిగించిన స్టాండే ఊడి పడి ఉంటే?"

"నీళ్లు చేరాయి, ఒప్పుకుంటాను. ఒకవేళ వాళ్ల కప్పు కారితే? వానని వాళ్లేమైనా పిలిచారా?"

ఇలా అనుకుంటూ లేచి కిటికీ దాకా వెళ్లేవారు. తిరిగొచ్చేవారు. ఇస్త్రీపెట్టెను చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసేవారు, అదేదో సాక్ష్యం చెబుతుందన్నట్టు. అన్నేళ్ల ఉద్యోగం తర్వాత కూడా ఆయన కుర్చీ మెత్త కొత్తదానిలా ఉండటానికి కారణం ఆయన దాని మీద కూర్చోకపోవడమే.

ఈ ఆలోచనకంతా మూల్యం ఒకటుంది. ఆయనకు సెలవు దొరకదు. "మీరు లేకపోతే ఆ బల్ల దగ్గర ఎవరు నిలబడతారండీ?" అనేవాడు మేనేజరు. అది పొగడ్తో శిక్షో ఒకవేళ గారు ఇంకా తేల్చుకోలేదు.

ఆయన భార్య కంట్లో శుక్లం ముదిరింది. ఆసుపత్రి కూతురు ఉండే ఊళ్లో ఉంది. సెలవు దొరక్క ఆపరేషన్ అప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. మూడోసారి తేదీ ఖాయం కాగానే ఆవిడ ముందే కూతురింటికి వెళ్లిపోయి, అక్కణ్నించి ఫోన్ చేసింది.

"వచ్చే గురువారం. మీరొచ్చినా సరే, రాకపోయినా సరే, నేను బల్లెక్కుతున్నాను."

"వస్తానోయ్. ఒకవేళ..."

"ఆ మాట నోట్లోనే ఉంచుకోండి. మీరు తలుపు బయట లేకపోతే, కట్టు విప్పాక మీ మొహం చూడాల్సిన అవసరం నాకూ లేదు."

ఆ వారమే ఆఫీసుకు ఒక సాఫ్ట్‌వేరు వచ్చింది. దాంతోపాటు దాన్ని నేర్పే అమ్మాయి వచ్చింది. వయసులో చిన్నదే అయినా, రాగానే అందర్నీ కూర్చోబెట్టగలిగిన మనిషి. ఒకవేళ గారిని తప్ప.

"ఇది మీ పని తీరును రెండు ముక్కలు చేస్తుంది బాబాయ్ గారూ," అంటూ తెల్లబోర్డు మీద గళ్లు గీసి బాణాలతో కలిపింది. "ఫిర్యాదు రావడం ఒక గడి. వస్తువును చూడటం ఇంకో గడి. ఆ తర్వాత నిర్ణయం. ఆపైన మెకానిక్కు. ఏ పని తర్వాత ఏ పని అన్నది ఇక్కడ ఉంటుంది. ఇక నిర్ణయం ఎలా తీసుకోవాలన్నది విడిగా ఒక పట్టికలో రాస్తాం. ఎడమవైపు షరతులు, కుడివైపు చెయ్యాల్సింది. రేపు మీ కంపెనీ మనసు మారితే పట్టికలో ఒక వరుస మారిస్తే చాలు. సాఫ్ట్‌వేరు తిరగరాయక్కర్లేదు."

"వరుసలు పైనుంచి చూస్తుందా, కిందనుంచా?"

"పైనుంచి. మొదట ఏది సరిపోతే అదే."

"ఒకవేళ ఏదీ సరిపోకపోతే?"

"అందుకే అట్టడుగున ఒక వరుస ఉంటుంది. పైవేవీ కాకపోతే ఏం చెయ్యాలో అందులో రాస్తాం. మనిషే చూడాలనుకుంటే అది మనిషి ఇన్‌బాక్సులో పడుతుంది."

మేనేజరు గొంతు సవరించుకున్నాడు. "ఒకవేళ గారూ, మాటిస్తున్నాను. ఈ యంత్రం ఒక్కరోజు మిమ్మల్ని పిలవకుండా పని చేస్తే, మర్నాటి నుంచి మీకు సెలవు. గురువారం దాకా ఎందుకు, బుధవారమే బయల్దేరండి."

జీవితమంతా ఊరికే పడిన బెంగకు తొలిసారి జీతం దొరికింది. ఒకవేళ గారు పట్టిక మీద పడ్డారు. పడింది, కానీ స్టాండు మనదైతే. తడిసింది, కానీ కప్పు కారితే. బిల్లు పోయింది, కానీ మనిషి మొహం తెలిసినదైతే. ఏడాది దాటింది, కానీ దాటింది నిన్ననే అయితే. ఒక్కో వరుస రాసి, లేచి కిటికీ దాకా వెళ్లి, కొత్త వరుసతో తిరిగొచ్చేవారు. ప్రతి దానికీ కుడివైపు ఏం రాయాలో తోచక, 'నన్ను అడగాలి' అని రాశారు. అట్టడుగు వరుసలోనూ అదే.

సోమవారం పరీక్ష. పాత ఫిర్యాదుల్ని ఆ అమ్మాయి యంత్రంలోకి వదిలింది. తెర మీద బాణాల వెంట చుక్కలు కదిలాయి. కదిలి, కదిలి, అన్నీ వెళ్లి ఒకే పెట్టెలో పడ్డాయి. ఆ పెట్టె మీద ఒకవేళ గారి ఫొటో ఉంది.

"బాబాయ్ గారూ, మీ ఊళ్లో రోడ్లన్నీ మీ ఇంటికేనా?"

మేనేజరు నవ్వలేదు. "ఇంతకు ముందు సగమైనా గోడ మీది కాగితం చూసుకుని కుర్రాళ్లే తేల్చేవాళ్లు. ఇప్పుడు అవీ మీ దగ్గరకే. ఇక బుధవారం బస్సు సంగతి మర్చిపోండి."

ఒకవేళ గారు కాలు గాలిన పిల్లిలా తిరిగారు. పట్టిక ముందు కూర్చున్నారు, ఇది చరిత్రాత్మకం. ఒక వరుస చెరిపారు. వాన గుర్తొచ్చి మళ్లీ రాశారు. ఫోన్ మోగింది. కూతురు.

"నాన్నా, అమ్మ సంచీ సర్దేసుకుంది. నీ లుంగీ కూడా పెట్టింది. పైకి అలా అంటుంది గానీ... వస్తున్నావు కదా?"

"వస్తున్నానమ్మా," అన్నారు. ఆ మాట తర్వాత ఇంకేదో రాబోతే పెదాలు బిగించి ఫోన్ పెట్టేశారు.

సాయంత్రం దాకా ఆ అమ్మాయి ఏదో వెతుకుతూనే ఉంది. చివరికి కుర్చీ తిప్పి పిలిచింది.

"కొంచెం కూర్చోండి. మీ దగ్గరకొచ్చిన పాత అనుమానపు కేసులన్నీ తీశాను. మీరు ఎంత సేపు ఆలోచించారో నాకు తెలీదు. కానీ చివరికి ఏమన్నారో తెలుసా?"

"ఒక్కో దానికి ఒక్కోలా..."

"కాదు. అన్నిటికీ ఒకటే. 'సరే, చేసిపెట్టండి.' ఒక్కదానికి కూడా డబ్బు తీసుకోలేదు మీరు."

ఒకవేళ గారు తెర వైపు చూశారు. ఇస్త్రీపెట్టెల్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపిన సాయంత్రాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఏ ఇస్త్రీపెట్టే ఏమీ చెప్పలేదన్నమాట. చెప్పకపోయినా ఈయన సరే అనేవారన్నమాట.

"మరి ఇన్నేళ్లు నేను ఆలోచించింది?"

"అది పట్టికలో పట్టదు బాబాయ్ గారూ," అందా అమ్మాయి మెల్లగా. "ఫలితమే పడుతుంది."

మేనేజరు దూసుకొచ్చాడు. "అనుమానమొస్తే ఉచితమా? కంపెనీ మునిగిపోతుందండీ!"

"ఇన్నేళ్లూ అలాగే మునుగుతోంది సార్, తేలుతూనే ఉంది," అందామె. "మీకంత భయమైతే ఒక షరతు పెడదాం. ఫ్రిజ్జూ వాషింగ్ మెషీనూ లాంటి ఖరీదైనవాటిలో అనుమానం వస్తే మీ ఇన్‌బాక్సుకు పంపుదాం."

మేనేజరు మింగలేక కక్కలేక తలూపాడు. అనుమానం లేనివాటికి గోడ మీది నియమాలే పైన రాసి, ఒకవేళ గారు తన వరుసలు ఒక్కొక్కటే చెరిపారు. స్టాండు, కప్పు, వాన, నిన్ననే దాటిన ఏడాది. సొంత పిల్లల్ని హాస్టల్లో దింపుతున్నట్టుంది. పెద్ద వస్తువుల కోసం మేనేజరు పేరుతో ఒక వరుస చేర్చారు. అట్టడుగున 'నన్ను అడగాలి' కొట్టేసి 'ఉచితం' అని రాశారు. రాసి, లేవకుండా, తన చేత్తోనే సేవ్ బటన్ నొక్కారు.

మంగళవారం ఆయన ఇన్‌బాక్సు ఖాళీ. పొద్దున్నుంచీ తెరిచి చూస్తూనే ఉన్నారు. ఒక్కటి పడితే బాగుండుననీ, పడితే బస్సు పోతుందనీ, ఆశా భయమూ ఒకేసారి. ఏదీ పడలేదు. మధ్యాహ్నం మేనేజరు మాత్రం కిటికీ దాకా వెళ్లి తిరిగి రావడం అందరూ చూశారు. అతనికి ఒక ఫ్రిజ్జు వచ్చింది.

గురువారం ఆసుపత్రి వరండాలో ఒకవేళ గారు తలుపు బయటే ఉన్నారు. ఫోన్ మోగింది.

"ఈ ఫ్రిజ్జుని ఎలుక కొరికిందండీ," మేనేజరు గొంతు దీనంగా ఉంది. "ఎలుక వాళ్లదా, మన గోడౌన్‌దా? ఎటూ తేలడం లేదు. ఏం చెయ్యమంటారు?"

"మీ ఇన్‌బాక్సు సార్," అని ఒకవేళ గారు ఫోన్ ఆపేశారు. ఆపేశాక చాలాసేపు ఆ ఎలుక గురించే ఆలోచించారు. అలవాటు ఒక్కరోజులో పోదు.

తలుపు తెరుచుకుంది. కంటికి కట్టుతో, నర్సు చెయ్యి పట్టుకుని భార్య బయటికొచ్చింది. రెండో కంటితో ఆయన్ని తేరిపార చూసింది.

"ఎప్పుడొచ్చారు?"

"పొద్దున్నే బస్సు దిగి ఇటే వచ్చాను. అప్పటికే నిన్ను లోపలికి తీసుకెళ్లారు."

"తిన్నారా?"

"తిన్నాను."

"రెండో కన్నూ చెయ్యాలంటున్నారు," అందావిడ, ఆయన ఏమంటారో వినడానికి ఆగి.

నర్సు కాగితం అందుకుంది. "ఎప్పుడు వీలవుతుందండీ మీకు?"

"డాక్టరుగారికి ఎప్పుడు వీలైతే అప్పుడు రాయండమ్మా," అన్నారాయన.