నిండు గ్లాసు పరీక్ష

మోటారమ్మను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఆ వీధిలో ఎవరూ మిగల్లేదు. పల్లెటూరి బడిలో ఐదో తరగతి దాకా చదివి, పెళ్లయి వచ్చి, కాలిన మోటార్లకు తీగ చుట్టే భర్త దుకాణంలో రాగి తీగ పట్టుకున్న మనిషి. పట్టించింది ఆడపడుచు. "ఒరేయ్ తమ్ముడూ, నీ భార్య జడ అల్లుకున్నంత బిగువుగా నువ్వు ఏనాడైనా తీగ చుట్టావా? ఆ పని తనకిచ్చి నువ్వు గల్లాపెట్టె దగ్గర కూర్చో" అని ఆవిడ తేల్చేసింది. అప్పట్నుంచీ గల్లాపెట్టె ఆయనది, మోటార్లు ఈవిడవి.

చుట్టిన మోటార్లు ఒకటా రెండా. అవతలి వీధి పిండిమరది చుట్టింది. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే యంత్రానిది చుట్టింది. అచ్చాఫీసు వాళ్లు పాత ఇనుము కింద వేసేద్దామనుకున్న మోటారుకు ప్రాణం పోసి, దానిచేత మళ్లీ పుస్తకాలు అచ్చు వేయించింది.

తర్వాత ఇళ్లలోకి ఏసీలొచ్చాయి. పాత ఏసీకి తెలిసినవి రెండే పనులు, పూర్తి వేగంతో పరిగెత్తడం, లేకపోతే పడుకోవడం. లేచిన ప్రతిసారీ ఇంట్లో లైట్లు గుడ్లు తేలేస్తాయి. మోటారమ్మ అందులోని కంప్రెసర్ మోటారు తీసేసి, మూడు తీగల కంప్రెసర్ బిగించి, వేగాన్ని పెంచి తగ్గించే డ్రైవ్ అనే పెట్టెను దానికి కట్టడం నేర్చుకుంది. గది వేడిగా ఉంటే పరుగు, చల్లబడేకొద్దీ నడక. ఆ చుట్టుపక్కల ఈ పనికి మొదట చెయ్యి పెట్టింది ఆవిడే. పని ముగిశాక ఏసీ బయటి పెట్టె మీద గ్లాసు నిండా నీళ్లు పెట్టి స్విచ్ వేసేది. మోటారు లేచేటప్పుడు చుక్క తొణికితే పని కానట్టే. తొణికిన రోజు లేదు.

అంతలో ఆడపడుచుకు ఊపిరి జబ్బు ముదిరింది. పెళ్లి ఊసెత్తకుండా తమ్ముడింట్లోనే ఉండిపోయిన మనిషి ఆవిడ. డాక్టరు ఆక్సిజన్ యంత్రం పెట్టి, గది చల్లగా ఉంచమన్నాడు. చిక్కంతా అక్కడే వచ్చింది. ఆ గదిలో పాత ఏసీ లేచినప్పుడల్లా కరెంటు కుంగి, ఆక్సిజన్ యంత్రం కీచుమని ఆగిపోయేది.

"ఊళ్లోవాళ్ల ఏసీలన్నీ దారికి తెచ్చావు. రచ్చ గెలిచావు సరే, ఇంట ఎప్పుడు గెలుస్తావు మరదలా?" అంది ఆడపడుచు, ముక్కు దగ్గర గొట్టం సర్దుకుంటూ.

"బేరమాడేవాళ్ల పని ముందు, దెప్పేవాళ్ల పని తర్వాత వదినా."

అన్నదే గానీ, మర్నాడే పాత కంప్రెసర్ ఊడదీసి డ్రైవ్ బిగించింది. గ్లాసు పెట్టింది. స్విచ్ వేసింది. చుక్క తొణకలేదు, లైటు రెప్ప వాల్చలేదు, ఆక్సిజన్ యంత్రం తన పాటికి తను ఊపిరి పోస్తూనే ఉంది. మోటారమ్మ గ్లాసులో నీళ్లు గటగటా తాగేసి కిందికి దిగింది.

రెండు రోజులు తిరక్కుండానే ఆడపడుచు ఏసీ ఆపేసి, పొయ్యిలాంటి గదిలో ఆయాసపడుతూ కూర్చుంది.

"కాస్త చల్లబడగానే మంచం, కిటికీ, నా పళ్లు అన్నీ కలిసి వణుకుతున్నాయే. ఆగుతుంది, మళ్లీ మొదలు. కునుకు పడితే ఒట్టు."

"గ్లాసు తొణకలేదు, నువ్వూ చూశావు. ఆ వణుకు మోటారుది కాదు, నీ చెవుల్లో హోరు."

"నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. సరే కానీ. నేను మా చెల్లెలింటికి పోతాను. అక్కడ ఏసీ కొత్తది, కరెంటు గట్టిది." అప్పటికే బట్టలు సంచీలో పెట్టించేసింది.

వదిన దెప్పుడు లేని పొద్దు ఆ ఇంట్లో మోటారమ్మ ఎరగదు. పైగా, మోటారమ్మ ఇంట్లో చల్లగాలి చాలక ఆడపడుచు వెళ్లిపోయిందన్న మాట వీధి చివరిదాకా నడిచిపోతుంది. అయినా తప్పు తనదని మనసొప్పుకోలేదు.

మర్నాడు మధ్యాహ్నం, బయల్దేరేముందు తన మాట నిజమని చూపిద్దామని, ఆడపడుచు తమ్ముడిచేత గ్లాసు నింపించి, కిటికీ బయట ఏసీ పెట్టె మీద పెట్టించింది. ఏసీ వేయించి, రెప్ప వేయకుండా దాన్నే చూస్తూ కూర్చుంది. కాసేపటికి కింద దుకాణంలోకి గొంతు వినబడింది.

"మరదలా, పైకి రా. నీ గ్లాసు ఏడుస్తోంది."

నిజమే. నీళ్ల మీద సన్నటి వలయాలు, అంచు మీంచి జారుతున్న చుక్కలు. మోటారమ్మ పెట్టె మీద అరచెయ్యి ఆనించి, డ్రైవ్ మీటను కొంచెం కొంచెంగా తిప్పింది. వేగం పెంచితే వణుకు లేదు, తగ్గించినా లేదు. నడుమ ఒక్క వేగం దగ్గర మాత్రం, పెట్టెను మోస్తున్న గోడ చట్రం మోటారుతో కలిసి చిందులేస్తోంది. పాత మోటారుకు ఒకటే వేగం, లేచేటప్పుడు కుదురుగా ఉంటే ఎప్పుడూ కుదురే. దీనికి ఎన్ని వేగాలో. ఆవిడ మోటారు లేవడం చూసి గ్లాసు తీసేసింది, నడక చూడనే లేదు. మిగతా ఇళ్లలో పెట్టె నేల మీద కూర్చునేది కాబట్టి బయటపడలేదు.

పెట్టెకూ చట్రానికీ మధ్య రబ్బరు ముక్కలు దూర్చింది. ఆ ఒక్క వేగం దగ్గర నిలబడకుండా దాటిపొమ్మని డ్రైవ్‌కు చెప్పింది. గ్లాసు మళ్లీ నింపి వదిన పక్కనే మంచం మీద కూర్చుంది. గది మెల్లగా చల్లబడింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి.

"చూడు వదినా" అంటూ తిరిగి చూస్తే ఆవిడ ఎప్పుడో నిద్రపోయింది. గది మొత్తానికి ఇప్పుడు చప్పుడంటే ఆవిడ గురకే.

అప్పట్నుంచీ ఎవరింట్లో డ్రైవ్ బిగించినా, గది పూర్తిగా చల్లబడేదాకా మోటారమ్మ గ్లాసు తీయదు. ఇంతసేపెందుకని అడిగితే, "ఇది మా వదిన పరీక్ష. మా వదినను మెప్పించిన ఏసీ ఇంకెవరికీ జంకదు" అంటుంది. ఆ పరీక్షలో తప్పిన ఏసీని ఇంతవరకు ఏ ఇంట్లోనూ వదిలి రాలేదు.

ఆడపడుచు సర్దుకున్న సంచీలో ఇప్పుడు మోటారమ్మ రబ్బరు ముక్కలున్నాయి. "పోదామంటే సంచీ కూడా లేకుండా చేసింది" అని చూడవచ్చిన వాళ్లందరికీ ఆవిడ చెప్పుకుంటుంది, చల్లటి గదిలో, మెడదాకా దుప్పటి లాక్కుని.