యాలాల కోడిపిల్లలూ, నా తైదల పొడీ

అరవైల్లో మాట. వికారాబాద్ నుంచి అక్క అత్తగారి ఊరు యాలాలకు నేను పరుగెత్తింది చుట్టపుచూపుకు కాదు, పంతానికి. కోళ్ల పెంపకం శిక్షణలో నేర్చుకున్నట్టే తైదలు, అంటే రాగులు, మొలకెత్తించి, ఆరబెట్టి, తిరగలిలో విసిరి, అక్క కోడిపిల్లల కోసం ఆ పొడి పంపాను. అందులోని ఎంజైములు మేతను బాగా అరిగిస్తాయి, పిల్లలు త్వరగా ఎదుగుతాయి. నెల గడిచినా అవి పిడికెడే ఉన్నాయట. ఆదివారం తాండూరు వారపు అంగడిలో అమ్మేస్తానని బావ కబురంపాడు. అక్క సొంతంగా మొదలుపెట్టిన మొదటి పని అది. ఊరుకుంటానా?

శుక్రవారం పొద్దున ఏడింటి ప్యాసింజరెక్కాను. టికెట్ రూపాయి లోపే. ధారూర్‌లో ఎక్కిన ఒక పెద్దమ్మ నా ప్రయాణం సంగతి విని, కోళ్లకు కూడా మందులా అని నవ్వింది. ఒళ్లు మండినా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. తాండూరులో దిగేసరికి తొమ్మిది దాటింది. బస్సు మధ్యాహ్నం దాకా లేదన్నారు. నాపరాళ్లు దించి యాలాల వైపు ఖాళీగా పోతున్న ఎడ్లబండి దొరికింది. బండాయన నన్ను చూసి, "జర గట్టిగ పట్టుకొని కూసో అమ్మా, మస్తు గుంతలున్నయి" అన్నాడు. అబద్ధమేం కాదు, నడుము విరిగింది.

వెళ్లేసరికి అక్క పొయ్యి ముందుంది. కుతకుత ఉడుకుతున్న జొన్నరవ్వ గట్కలో నా పొడి పోసి తిప్పుతోంది. చల్లటి మేత పెడితే పిల్లలకు సర్ది చేస్తుందని ఆ ఇంట్లో అత్తగారి కాలం నుంచీ అన్నీ ఉడికించే పెడతారట. అంత వేడికి ఎంజైములు పనికిరాకుండా పోతాయి. తప్పు నాదే. పొడి పంపాను గానీ ఎలా కలపాలో చెప్పలేదు.

"నీ పొడితోని ఏమైంది? ఎల్లుండి అంగడికి పోతయి" అన్నాడు బావ.

"పోవు బావా. సగం పిల్లలకు గట్క సల్లారినంక కలిపి పెడుతం, సగానికి ఎప్పటి తీరుగనే. మూడు వారాలు ఆగు. తేడా లేకుంటె నేనే గంపెత్తుకొని అంగడికి పోత."

బావ సణుక్కుంటూనే ఒప్పుకున్నాడు. చల్లార్చిన మేత తినే వాటి కాళ్లకు అక్క ఎర్రదారం వదులుగా కట్టింది.

మూడు వారాలకు మళ్లీ అదే రైల్లో వెళ్లాను. ఎర్రదారం పిల్లలు మిగతావాటికంటే చేతికి బరువుగా తగిలాయి. బావ అక్కతో, పెద్దవి మంచి ధర పలుకుతాయి, అంగడికి తీసుకుపోతానన్నాడు. అక్క మేత గిన్నె కింద పెట్టింది.

"గవి నావి. అమ్ముడా, ఉంచుడా నేను చెప్త."

అక్క బావకు ఎదురు చెప్పగా నేను వినడం అదే మొదటిసారి. తిరుగు రైల్లో కోళ్ల సంగతి కంటే ఆ గొంతే గుర్తొచ్చింది. నా పొడి గెలిచిందని సంతోషపడ్డాను గానీ, గెలిచింది అక్క. మీరూ ఎవరికైనా ఇలాంటి పొడి తీసుకెళ్తే, చేతిలో పెట్టి వచ్చేయకండి. ఒక పూట వాళ్ల పొయ్యి దగ్గర కూర్చోండి. గట్కలో వేలు పెడితే కాలనప్పుడే పొడి కలపాలని చూపించి రండి.