అమ్మ పక్కన చోటు

నిన్న మనవరాలు ముగ్గు కోసం బియ్యప్పిండి నీళ్లలో కలిపింది. ఆ పచ్చివాసనకి నా కుడిచెయ్యి ఒక్కసారిగా చల్లబడింది.

తెల్లదొరలు మా సీతంపేట కొండల్లో రోడ్లు వేయిస్తున్న రోజులవి. చలిజ్వరంతో మా అమ్మ పోయింది. మా సవరల్లో పోయినవాళ్లకి గోడ మీద ఒక ఇల్లు గీయిస్తారు. వాళ్లు అందులో ఉండిపోతారని నమ్మకం. గీయడానికి పక్క ఊరి నుంచి ఒక కుంటి తాత వచ్చాడు. ఆయనకి ఎవరూ నేర్పలేదు, కలలో కనిపించింది గీసేవాడు. ఏ ఊళ్లో చావు జరిగినా ఆయనకే కబురు వెళ్లేది.

ఎర్రమట్టి అలికిన గోడ మీద వెదురుపుల్లతో, తడిపిన పిండితో చదరంగా ఇల్లు గీశాడు, అందులో నెమళ్లు గీశాడు, ఏనుగుని గీశాడు, మధ్యలో అమ్మని గీశాడు. ఆయన అంబలి తాగడానికి వెళ్లగానే, నేను అమ్మ చెయ్యి పట్టుకున్నట్టు నన్ను పిండిలో ముంచిన వేలితో గీసుకున్నాను.

తిరిగొచ్చి చూసి తాత బిగుసుకుపోయాడు.

"ఏటి సేసినావే గుంటా! బతికినోల్లు ఈ గోడ మీద ఉండకూడదు. పట్టుకున్న సెయ్యి మీ అమ్మ వదల్దు."

"వదలకపోతే మంచిదే కదా తాతా?"

ఆయన నా బొమ్మని ఎర్రమట్టితో కప్పేశాడు. "సాపిన సెయ్యి ఖాళీగా ఉండదే" అంటూ అమ్మ చేతినే చూశాడు. తర్వాత ఆ చేతిని పట్టుకున్నట్టు ఒక కుంటి ముసలివాణ్ని గీశాడు.

ఆ ఏడు వానలు తగ్గకముందే తాత పోయాడు. ఆయనకి గోడ మీద ఇల్లు గీసేవాళ్లే లేకపోయారు.

అమ్మ పక్కన నా చోటు లాక్కున్నాడని చాలా ఏళ్లు ఆయన మీద కోపంగానే ఉన్నాను.