పోరి జాగల కూసున్న పెద్దమ్మ

నిన్న పొద్దుగాల దుకాణం శటర్ లేపుతుంటే మా ఇంటామె వచ్చి చెప్పింది, పెద్దమ్మ పోయిందని. నిద్రలనే పోయిందట. శటర్ సగం లేపి అట్లనే నిలవడ్డ. ఇయ్యాల్ల దుకాణం తెర్వబుద్ధి అయితలేదు. గందుకే కూసొని మీకు నాలుగు మాటలు రాస్తున్న.

సొంత పెద్దమ్మ కాదు. నారాయణఖేడ్ల నా కిరాణం పక్కిల్లు ఆమెది. జొన్నరొట్టెలు చేసి అమ్ముతుండె. తెల్లారకముందే గోడ అవతలికెళ్లి తప్ తప్ అని సప్పుడు వస్తుండె. గా సప్పుడు ఇనుకుంట నేను ఇంకింత నిద్ర పోతుండె. గా రోజులన్నీ ఇప్పుడు మంచుల చూసినట్టు కనవడ్తున్నై.

ఎనభైల సంగతి. కంగ్టి దిక్కు పల్లె నుంచి ఒకాయన బిడ్డను తోల్కొచ్చి కాలేజీ గేటు కాడ కూసున్నడు. పక్కల బొంత చుట్ట, జొన్నల మూట. పోరికి ఫీజు మాఫ్ అయిందట. మాఫ్ అంటే తిండి, పడక గూడ సర్కారే చూస్కుంటదనుకున్నడు పాపం. పొద్దు గూకుతున్నా ఎవ్వలూ లోపలికి రమ్మనలే. పెద్దమ్మ పోయి అడిగింది.

"ఎవలి కోసం కూసున్నవన్నా?"

"హాస్టల్ తలుపు తీస్తరేమో అని అక్కా."

"ఆడపోరలకు హాస్టలే లేదు. తలుపు యాడికెళ్లి తీస్తరు? లెవ్వుండ్రి, మా ఇంటికి నడువుండ్రి."

గా దినం నుంచి పోరి పెద్దమ్మింట్లనే. పొద్దుగాల రొట్టెల కాడ చెయ్యి సాయం చేసుడు, తర్వాత డిగ్రీ క్లాసులకు పోవుడు.

నాకూ పెద్దమ్మకూ ఊకె పంచాయితీ అయితుండె. "ముఫ్త్ ఇస్తే కదర్, ఇలువ ఉండది పెద్దమ్మా, జర్రంత ఫీజు కడ్తెనే మనసు పెట్టి సదువుతరు" అంటుండె నేను. "సదువు గూడ నీ సబ్బుబిళ్ల అనుకున్నవా కొడకా?" అంటుండె ఆమె. చిన్నప్పుడు మిషన్ బోర్డింగ్ల ఏడో తరగతి దాకా సదివిందట. "ఆడ బువ్వ పెట్టిండ్రు, బట్టలిచ్చిండ్రు. గందుకే సదివిన. బువ్వ బందయినంక నా సదువు గూడ బందయింది. ఫీజు మాఫ్ చేస్తే ఆకలి మాఫ్ అయితదా?" అని నా మొకం చూస్తుండె.

దసరా అయినంక పోరి నాయిన మల్ల వచ్చిండు. చెరుకు కొట్టెటందుకు పోతున్నరట.

"ఇంటామెకు కాలు బాగలేదక్కా. ఇద్దరు జోడి లేకుంటే కూలోళ్లను తోల్కపోయే ముకద్దం పనికి తీస్కపోడు. పోరి రావాలె."

"ఫీజు మాఫ్ అయింది గదన్నా!"

"అయింది, కాదన్ననా? గని పోరి కూలి ఎవలిస్తరక్కా? సర్కారిస్తదా?"

పోరి బొంత చుట్టుకుంట ఒక్కటే మాట అన్నది, "రోజూ రాకుంటే పేరు కొట్టేస్తమన్నరు పెద్దమ్మా." ముకద్దం లారీ ఎక్కి వాళ్లు పోయినంక గూడ పెద్దమ్మ రోడ్డు మీదనే నిలవడ్డది.

తెల్లారి చూస్తే ఉతికిన తెల్ల చీర కట్టుకొని బయలెల్లింది.

"యాడికి పెద్దమ్మా?"

"కాలేజీకి."

"ఏం పని?"

"కూసునే పని."

మా దిక్కు కూలి కాడ ఒకలు రాకుంటే ఇంటోళ్లు ఇంకొకలు పోయి గా జాగల నిలవడ్తరు. నాగా పడది. కాలేజీ గూడ అంతే అనుకున్నది పెద్దమ్మ. ఆడ జరిగింది ఆమె నోటనే ఇన్న. సారు హాజరు పిలిచిండట. పోరి పేరు రాంగనే పెద్దమ్మ లేచి "ఆఁ, వచ్చిన" అన్నదట. క్లాసంత ఒకటే నగుడు.

"నువ్వెవలమ్మా?"

"గా పోరికి బదులొచ్చిన సారూ."

"ఇదేమన్న నాటేసే కూలా, బదులు వచ్చెటందుకు?"

"సర్కారు జాగ ముఫ్త్ ఇచ్చింది సారూ. కూసునెటందుకు తీరిక ఇయ్యలే. నాకు తీరిక ఉన్నది. పోరి వచ్చెదాక గా జాగ పోనియ్యకు."

సారు హాజరు బుక్కు మూసి, "హాజరు వెయ్యరాదమ్మా. గని పేరు కొట్టెయ్యం, పెద్దసారుతోని నేను మాట్లాడ్త. ఇగ ఇంటికి పో" అన్నడట. పెద్దమ్మ కదల్లే. "ఎట్లాగూ వచ్చిన, పాఠం ఇని పోత" అన్నది. ఇగ గా సలికాలమంత రొట్టెల పని కాంగనే పోవుడే, ఎనక బల్ల మీద కూసునుడే. ఎవ్వలూ లెవ్వుమనలే.

పోరి అట్లనే సదువు ఇంత, చెరుకు ఇంత చేసుకుంట డిగ్రీ పాసయింది. అది తర్వాతి ముచ్చట. నా కండ్లల్ల నిలిచింది మాత్రం శివరాత్రి దాటినంక పోరి తిరిగొచ్చిన గా మాపటి పూట. చేతులనిండ చెరుకాకు కోసిన గీతలు. అరుగు మీద కూసోవెట్టుకొని పెద్దమ్మ తను ఇన్న పాఠాలన్ని చెప్తుండె, వాడకట్టు ముచ్చట చెప్పినట్టే.

"ఒక రాజు ఉండె పోరీ. వానల్లేవు, పంటల్లేవు, ఐనా పన్ను కట్టమనె. జనం ఊర్లకు ఊర్లు ఇడిసి పోయిండ్రు, మీరు పోయినట్టే."

"మరి రాజేమైండు పెద్దమ్మా?"

"నాకేమెర్క? గంట కొట్టిండ్రు. రేపు నీ జాగల నువ్వు కూసో. ఇనొచ్చి నాకు చెప్పు."

తెల్లారి పోరి కాలేజీకి పోయింది. గా రాజేమైండో అని పెద్దమ్మ పొద్దంత గుమ్మంల కూసొని తొవ్వ చూసింది.