నైలాన్ కొంగుముడి

గజపతినగరం పక్క పల్లెలో అప్పలసూరి ఎవరని అడిగితే కాసేపు ఆలోచిస్తారు గానీ, నైలాన్ సూరి అంటే చంటిపిల్లలు కూడా ఇల్లు చూపించేస్తారు. కొద్దిపాటి వరి మడి, మెట్ట మీద చోళ్లు, ఒకదానితో ఒకటి పడని రెండెద్దులు, దాలమ్మ అనే భార్య. ఇదీ అతని సంసారం. ఇందులో గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదని అతనికే అనిపించిందో ఏమో, ఆమధ్య విశాఖపట్నం వెళ్లి ఓడ సరుకు కొనడం మరిగాడు. హార్బరు వెనక సందుల్లో చాటుగా అమ్మే జపాను నైలాన్ అది. మన నేత బట్ట ఖరీదులో సగానికే వచ్చేస్తుంది. సగానికే దొరికిందన్న సంబరం ఒకటి, ఫారిన్‌దన్న గీర ఇంకొకటి. ఇంక మనిషి నేల మీద నిలిస్తే ఒట్టు.

ముదురు నీలం చొక్కా తొడుక్కుని టీకొట్టు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్లకి పాఠం చెప్పేవాడు. "మన నేత బట్టలో ఏటున్నాది? ఉతికితే ముడత, ఆరితే ముడత. ఇది సూడు. పిండక్కర్నేదు, ఇస్త్రీ అక్కర్నేదు. నువ్వు బీడీ ముట్టించేలోగా ఆరిపోతాది."

పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అన్నారా పెద్దలు. అయితే ఆ పుల్లకూరతో ఒక చిక్కు ఉంది. నైలాన్ చెమట పీల్చదు. మొదటి ఎండాకాలానికే అప్పలసూరి వీపంతా చెమటకాయలు లేచి, రాత్రిళ్లు గోడకి రుద్దుకోవలసిన గతి పట్టింది. పోనీ మానేద్దామా అంటే టీకొట్టు దగ్గర తలెత్తుకోవడం ఎలా? అందుకని రోజూ పొద్దున్నే తలుపేసుకుని, పెళ్లికి మామగారు పెట్టిన పొందూరు ఖద్దరు కండువాని నడుం నుంచి చంకల దాకా చుట్టుకుని, ఆపైన నైలాన్ చొక్కా తొడిగి గుండీలు పెట్టుకునేవాడు. చెమటంతా ఖద్దరు తాగేది, మర్యాదంతా నైలాన్‌కి దక్కేది. సూరి కాస్త ఒళ్లు చేశాడని ఊళ్లో అనుకునేవారు. అసలు సంగతి దాలమ్మకి ఒక్కదానికే తెలుసు.

ఇలా ఉండగా రామతీర్థం దగ్గరున్న అక్క జగ్గమ్మ కూతురు నీలవేణికి పెళ్లి కుదిరింది. ఆ పిల్లంటే అప్పలసూరికి ప్రాణం. బిడ్డల్లేని మనిషి, దాన్నే భుజాన మోసి పెంచాడు. పెళ్లికూతురికి చీరా, పెళ్లికొడుక్కి కండువా మేనమామే తేవాలి. అవి కట్టుకునే పీటల మీద కూర్చోవాలి. "మంచి నేత సీర తేరా తమ్ముడూ" అని జగ్గమ్మ కబురు పెట్టింది. అతను హార్బరుకి వెళ్లి గులాబిరంగు నైలాన్ చీరా, దానికి జోడుగా తళతళలాడే కండువా పట్టుకొచ్చాడు.

దాలమ్మ చీర చేత్తో పట్టుకుని చూసింది. "జారిపోతన్నాది బావా, సేపలాగ."

"నీకేటి తెలుసే. దేశంలో ఏ ఆడగుంటకీ ఇలాటి పెల్లిసీర ఉండదు."

పెళ్లి వైశాఖంలో, మిట్టమధ్యాహ్నం. పుస్తె కట్టడం అయింది. వేంకటాచలం పంతులుగారు చీర కొంగులో పసుపుకొమ్మూ వక్కా పెట్టి, పెళ్లికొడుకు కండువాతో కలిపి కొంగుముడి వేశారు. వధూవరులు లేచి రెండడుగులు వేశారో లేదో, ముడి దానంతటదే విడిపోయింది. వక్క దొర్లుకుంటూ వెళ్లి సన్నాయివాడి కాళ్ల దగ్గర ఆగింది. అందరూ నవ్వారు. పంతులుగారు మళ్లీ బిగించారు, మళ్లీ జారింది. మూడోసారి మోకాలు ఆన్చి మరీ లాగి కట్టారు. ఆయన చెయ్యి తీసేసరికి రెండు కొంగులూ ఏ చుట్టరికమూ లేనట్టు చెరోవైపు వాలిపోయాయి.

ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్లికొడుకు నాయనమ్మ మరిడమ్మ, శ్రీముఖలింగం వైపు మనిషి, పందిట్లోనే చతికిలబడింది. "ముడి నిలవని గుంటని నాను బండెక్కించను. ఇది శకునమే. మీరేటన్నా అనుకోండి."

నీలవేణి ఏడవలేదు. మేనమామ వంక ఒక్కసారి చూసి తల దించుకుంది. అంతే, అప్పలసూరి గుండెలో రాయి పడింది. తన గీర కోసం పిల్ల బతుకు మీదికి తెచ్చాడు.

"నూలు బట్ట ఉంటే ముడి నిలుస్తుందయ్యా. అయితే అది మేనమామ పెట్టిందే కావాలి" అన్నారు పంతులుగారు.

మేనమామ తెచ్చినవి ఆ రెండే. అందరూ అతని వైపే చూస్తున్నారు. దాలమ్మ పక్కకి వచ్చి నిలబడింది. "సొక్కా ఇప్పు బావా" అంది నెమ్మదిగా.

"ఇక్కడా? అందరిలోనా?"

"మరి గుంట సూడు."

అప్పలసూరి పిల్ల వంక చూశాడు. తర్వాత ఒక్కొక్క గుండీ విప్పుకుంటూ వచ్చాడు. చొక్కా తీసి, రెండు చేతులూ ఎత్తి గిరగిరా తిరిగాడు. దాలమ్మ లాగుతూంటే పొందూరు ఖద్దరు మూరలు మూరలుగా ఊడి వచ్చింది. ఒళ్లు చేశాడనుకున్న సూరి అందరి కళ్లెదుటా చువ్వలా మిగిలాడు. పందిరంతా ముక్కున వేలేసుకుంది.

"చెమట పట్టిన బట్ట పనికొస్తుందా పంతులుగారూ" అని గొణిగాడు.

"పసుపునీళ్లలో ముంచితే అంతా శుద్ధే. నువ్వు కూడా ముంచుకో" అన్నారాయన.

పచ్చగా తడిసిన కండువా పెళ్లికొడుకు భుజాన పడింది. దాంతో కట్టిన ముడి, చీర కొంగు నైలాన్‌దే అయినా, ఏడడుగులు నడిచినా కదల్లేదు. మరిడమ్మ వచ్చి దాన్ని గుంజి చూసింది. "ఇద్దర్లో ఒకలు గట్టిగుంటే సాలు, సంసారం నిలబడతాది" అని దాలమ్మ వంక చూసి, బండి కట్టమంది. సాయంత్రం ఎంతమంది లాగినా ఆ ముడి ఊడలేదు. పిల్లా పిల్లాడూ అలాగే బండెక్కారు.

బండి మలుపు తిరిగేదాకా చూసి అప్పలసూరి కళ్లు తుడుచుకోబోయాడు. మళ్లీ తొడుక్కున్న నైలాన్ చొక్కా చెయ్యి కన్నీళ్లు పీల్చలేదు. దాలమ్మ తన చీరకొంగు అందించింది.

"మామ పెట్టిన కండువా ఎలిపోయింది గదే. రేపటినించి లోపలేటి సుట్టుకోను?"

"కొత్తది నేయించుకుందాం" అంది దాలమ్మ. "లోపలెందుకు బావా, పైనే యేసుకో."